కింది మడి నీళ్ళు

ఈశాన్య జపాన్‌లో సముద్రం ఒడ్డున ఒక వరి పల్లె. 1993 జూలై ఆఖరు, మధ్యాహ్నం. బయట దట్టంగా పొగమంచు. కిరసనాయిలు పొయ్యి దగ్గర డెబ్భై ఆరేళ్ళ తొకి మామ్మ. అప్పుడే పొలం నుంచి వచ్చిన మనవడి భార్య సవాకో.

"ఇలా దగ్గరికి రా సవాకో. ఇంకొంచెం. నా చెవులు సగమే గానీ కళ్ళు బాగానే ఉన్నాయి. మోకాళ్ళదాకా ఆ బురదేమిటి?"

"పొలానికెళ్ళాను కదా మామ్మగారూ. మళ్ళో నీళ్ళు చూసొచ్చాను."

"చూడ్డానికి గట్టు మీద నిలబడితే సరిపోదూ?"

"కొంచెం పెంచాను కూడా. జానెడు లోతు పెట్టాను. పైరు చిరుపొట్ట మీదుంది, బయట చూస్తే పదిహేడు డిగ్రీలు. నీళ్ళు దుప్పటిలా కప్పుకుంటే లోపలి వెన్ను బతుకుతుందని మీరేగా చెప్పారు."

"చెప్పాను. మన వంతు నిన్నటితో అయిపోయిందని కూడా చెప్పాను."

"టీ పెట్టనా?"

"టీ తరవాత. ఇవాళ వంతెవరిది?"

"కింది ఇంటి కమెజో గారిది."

"నీళ్ళు కిందికి పోకుండా బోదెకి చెక్కపలక అడ్డం వేశావు."

"పలక కాదు... అంటే, పలకే. రెండు రోజులేనండీ. టీవీలో చెప్పారు, ఉత్తరాన ఓఖోట్స్క్ సముద్రం మీద చల్లగాలి కొండలా కూర్చుందట. కదలదట. దక్షిణం నుంచి రావలసిన వేడిగాలి దాన్ని తోసుకుని రాలేకపోతోంది. రెంటి మధ్యా వానమబ్బు ఇరుక్కుపోయింది. అది తెమిలేదాకా మనకి ఈ మంచూ, ఈ తుంపరే. కొండకి అవతల మా అమ్మవాళ్ళ ఊళ్ళో ఎండ మండిపోతోందట. పరుపులు ఆరేసుకుంటున్నానని ఫోన్లో చెప్పింది."

"మాకు టీవీలెక్కడివి. ఈ చలిగాలిని యమాసే అంటారు, యమాసే వచ్చింది అనుకునేవాళ్ళం, అంతే. సముద్రం మీంచి ఈ గాలి తిరిగిందంటే ముసలాళ్ళు వంటింట్లోకెళ్ళి, కరువుకని దాచిన ఊదల డబ్బా మూత తీసి చూసుకునేవాళ్ళు."

"మనకున్నవి ఆ మూడు మళ్ళే. అవి తాలు పోతే మీ మనవడు చలికాలం మళ్ళీ నగరానికి కూలికెళ్ళాలి. నాకు నొప్పులొచ్చేనాటికి ఇంట్లో ఉండడు. నేనొక్కదాన్నే..."

"తెలుసు. నిన్నెవరన్నా చూశారా?"

"లేదు. అదే, కమెజో గారు ఎదురొచ్చారు. మంచులోంచి ఉన్నట్టుండి."

"ఏమన్నాడు?"

"పలక వంక చూశారో లేదో కూడా తెలీదు. 'చలిగా ఉంది కదమ్మా' అని తన దారిన తను వెళ్ళిపోయారు."

"అలాగే అన్నాడా?"

"చలికి చలి అనక ఏమంటారు? మామ్మగారూ, పొయ్యికి అంత దగ్గరగా జరిగారేం? దుప్పటి తెస్తానుండండి."

"దుప్పటి వద్దు. కూర్చో. ఎవరికీ చెప్పని కథ ఒకటుంది. యాభై తొమ్మిదేళ్ళ కిందటి మాట. పైన ఒక ఇల్లు, కింద ఒక ఇల్లు, రెంటికీ ఒకటే బోదె. పై ఇంట్లో ఒక పిల్ల, కింది ఇంట్లో ఒక పిల్ల. కింది పిల్ల పేరు మియో. ఇద్దరికీ పదిహేడేళ్ళు. నారు కలిసే పీకేవాళ్ళు, తలలు ఒకే దువ్వెనతో దువ్వుకునేవాళ్ళు. మియోకి పాటలు రావు, అయినా పాడేది. కప్పలు కూడా నోరు మూసుకునేవి."

"పై ఇల్లంటే ఈ ఇల్లేనా?"

"చెప్పనీ. ఆ ఏడు ఇదే గాలి, ఇదే మంచు. పై ఇంటి తండ్రికి కాళ్ళు పడిపోయి, నీళ్ళ పని కూతురి మీద పడింది. నీళ్ళు సగం సగం పంచుకుంటే ఇద్దరి మళ్ళూ నిండవు. ఆ పిల్ల పలక తీసుకెళ్ళి బోదెకి అడ్డం పెట్టి, సందుల్లో గడ్డిపెళ్ళలు కుక్కింది. ఒక్క రోజే అనుకుంది. నాలుగు రోజులుంచింది."

"పట్టపగలా?"

"ఈ మంచులో పగలేమిటి, చెయ్యి చాస్తే చెయ్యి కనపడదు. మూడో రోజు నీళ్ళెందుకు రావట్లేదో చూద్దామని మియో గట్టెక్కి వచ్చింది. ఈ పిల్ల మోచేతులదాకా బురదలో ఉంది. మియో పలకని చూసింది. దీని మొహం చూసింది. 'చలిగా ఉంది కదా, తొకీ' అంది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది."

"తొకీ అందా?"

"అంది."

"మీరా మామ్మగారూ."

"కోతలనాటికి మా మళ్ళో మూడోవంతు వెన్నులు వంగాయి. వాళ్ళ మళ్ళో ఒక్కటి వంగలేదు. గింజ లేని వెన్నుకి వంగే పనేముంది? మడి మడంతా తలెత్తుకుని నిలబడింది. వాళ్ళు ముందు ఊదలు తిన్నారు, తరవాత అడవిలో ఓక్ చెట్ల కింద ఏరిన కాయల పిండి తిన్నారు. మంచు పడ్డాక టోపీ పెట్టుకున్న మనిషొకడు వచ్చాడు. వాళ్ళ నాన్న చేతిలో డబ్బు పెట్టి మియోని టోక్యోకి తీసుకెళ్ళాడు. ఏం పనికని ఎవరూ అడగలేదు, తెలిసిన సంగతి ఎవరడుగుతారు? మళ్ళీ రాలేదు. బూడిద కూడా రాలేదు."

"కానీ మామ్మగారూ, ఆ ఏడు ఊరంతా పోయింది కదా. జిల్లా జిల్లాలే పోయాయి. ఎక్కడో సముద్రం మీద గాలి కదలకపోతే మీరేం చేస్తారు?"

"నేనూ అలాగే చెప్పుకున్నాను, ఎన్నో ఏళ్ళు. గాలి అందరి మీదకీ వచ్చింది తల్లీ. నీళ్ళు మాత్రం వాళ్ళవి."

"మియో గారు ఇంట్లో చెప్పలేదా?"

"ఎవరికీ చెప్పలేదు. జుట్టు పట్టుకుని కొట్టినా తీరిపోయేది. యమాసే వచ్చినప్పుడల్లా బోదె వైపు నుంచి ఆ మాట వినపడుతుంది నాకు. ఇవాళ దాని తమ్ముడి నోట నువ్వు విన్నావు."

"కమెజో గారు ఆవిడ తమ్ముడా?"

"అప్పటికి ఏడేళ్ళవాడు."

"నేను వెళ్ళి పలక తీసేసొస్తాను."

"మన మడి పోతే?"

"పోతే అందరితోపాటే పోతుంది. ఉన్న నీళ్ళు కారిపోకుండా గట్టు మెత్తుకుంటాను. బిడ్డ సంగతి మీరున్నారుగా."

"ఆగు, ఇంకా అయిపోలేదు. ఏటా పోయిన పెద్దలని తలుచుకునే బోన్ పండక్కి కమెజో వచ్చి, మన పెద్దల పూజ అలమర ముందు అగరొత్తి వెలిగించి, చాపకి నుదురు ఆనించి దండం పెడతాడు. చూశావా?"

"చూశాను. సొంతవాళ్ళకి కూడా ఎవరూ అంతసేపు వంగరు. ఎందుకని అడిగితే మీరు మాట మార్చారు."

"ఆ చలికాలం మా అమ్మ వాళ్ళింటికి ఒక సంచెడు బియ్యం పంపింది. ఆ గంజితోనే వాడు బతికాడు. 'మీ ఇంటి మేలు చచ్చేదాకా మరవను' అంటాడు. వాడు వంగుతాడు, నేను పక్కన కూర్చుని చూస్తాను. యాభై తొమ్మిదేళ్ళు."

"ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా?"

"ప్రతి ఏడూ నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఇక నా వల్ల కాదు. అందుకే నీకు చెప్పాను. మరిచిపోకు. రేపు నీ బిడ్డకి చెప్పు. దానికన్నా ముందు, నేను పోగానే కమెజోకి చెప్పు. ఆ సంచిలో బియ్యం వాళ్ళ నీళ్ళతో పండినవేనని చెప్పు."