పొద్దుగూకేలోపు నాలుగు లైన్లు

కోడూరు దగ్గర యూదులున్నారంటే పక్క మండలం వాళ్ళే నమ్మరు. ఉన్నారు, పన్నెండు గడపలు. వాళ్ళ ప్రార్థన నడిపే పెద్ద సామ్యేలు మాస్టారు. బడి రికార్డుల్లో మాత్రం ఆయన పేరు వెంకటపతి, మతం హిందువు. శుక్రవారం పొద్దుగూకిందంటే వాళ్ళకు విశ్రాంతి దినం మొదలు, మర్నాడు పొద్దుగూకేదాకా ఎవరూ కలం ముట్టరు. 2003 ఆగస్టు నెలాఖరులో అలాంటి ఒక శుక్రవారం సాయంత్రం, రొయ్యల చెరువు కాపలా ఏలీయా కూతురు కెజియా మాస్టారి అరుగెక్కి కూర్చుంది. లేచేలా లేదు. మాస్టారి భార్య దీనా లోపల వంటింట్లో ఉంది.

“కాఫీ తాగమ్మా కెజియా, చల్లారిపోతోంది.”

“తాగుతాను మాస్టారూ. ముందు ఆ నాలుగు లైన్లు రాయండి.”

“రాయనన్నానా? రాయనని ఎవరన్నారు? ముందు కాఫీ తాగు.”

“నిన్న కూడా ఇలాగే కాఫీ తాగి వెళ్ళిపోయాను. మొన్న మజ్జిగ తాగాను.”

“దీనా! విన్నావా? నీ కాఫీ బాగోలేదంట.”

“బాగోలేనిది నా కాఫీ కాదులెండి. వారం నుంచి తిరుగుతోంది పిల్ల. రాసిచ్చి పంపండి. నేను కొవ్వొత్తులు పెట్టుకోవాలి.”

“చేపల పులుసు దించావా?”

“ఎప్పుడో దించాను.”

“అయితే మూత పెట్టుకో వెళ్ళి. మేం మాట్లాడుకుంటున్నాంగా.”

“మూతా పెట్టాను. ఇక్కడే కూర్చుంటాను.”

“మాస్టారూ, ముంబైలో యూదుల ట్రస్టు ఆఫీసు ఇవాళ పొద్దుగూకగానే మూసేస్తారు. రేపు ఎటూ తియ్యరు. ఎల్లుండి పొద్దున్నే కమిటీ కూర్చుని ఎవరిని చదివించాలో తేల్చేస్తారు. ఇవాళ మీ కాగితం ఫ్యాక్సులో అందకపోతే అసలు నా పేరే చూడరు. బందరు నర్సింగు కాలేజీలో సీటుకి మంగళవారం ఆఖరు.”

“తెలుసమ్మా, నాకు తెలీదా? ఆ ట్రస్టు అడ్రసు నీకిచ్చిందెవరు?”

“మీరే.”

“అప్లికేషను ఇంగ్లీషులో రాసిపెట్టిందెవరు?”

“మీరే. అందుకేగా అడుగుతున్నా. అన్నీ రాసిపెట్టారు, ఇదొక్కటీ రాయరేం?”

“అది వేరు, ఇది వేరు.”

“ఏం వేరండీ?”

“ఏం వేరంటే... అసలు వాళ్ళేం అడిగారో మళ్ళీ చదువు.”

“నిన్న చదివాను కదా.”

“మళ్ళీ చదువు. మీ అత్త వింటుంది.”

“ఈ అమ్మాయి యూదుల కుటుంబంలో పుట్టింది, విశ్రాంతి దినం పాటిస్తారు, రికార్డుల్లో పేరూ ఇంట్లో పేరూ ఒకే మనిషివి అని, అమ్మాయిని ఎరిగిన ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా హోదా రాసి సంతకం పెట్టాలి అత్తా. తెలుగులో రాసినా పర్వాలేదంట. మనలో అలాంటి హోదా ఉన్న గవర్నమెంటు ఉద్యోగం మాస్టారొక్కరిదే.”

“అదే నా ఖర్మ.”

“సామ్యేలు అని పెడితే చాలదా అండీ?”

“సామ్యేలుకి ఉద్యోగమేదే? ఉద్యోగం వెంకటపతిది. వెంకటపతి హిందువు, ఎస్సీ. ఆ సర్టిఫికెట్టు మీదే నాకు పోస్టు వచ్చింది. ఇప్పుడు అదే వెంకటపతి, వీళ్ళు యూదులని యూదుల ట్రస్టుకి సంతకం పెట్టి పంపితే నేనూ వాళ్ళలోవాణ్ణేననరా? ఆ కాగితం తిరిగి తిరిగి మా ఆఫీసులో తేలితే? నా సర్వీసంతా ఏమైపోవాలి? మన అబ్బాయి కండక్టరు ఉద్యోగం ఏం కావాలి? వాడిదీ ఆ సర్టిఫికెట్టేగా!”

“ముంబై నుంచి పనిగట్టుకుని ఎవరు తెస్తారండీ ఇక్కడికి?”

“నీకు తెలీదు, ఊరుకో. కాగితం ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు?”

“నిజమే మాస్టారూ. ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలీదు.”

“ఏంటి, అలా అంటున్నావ్?”

“ఏం లేదు. ఒకటో క్లాసులో చేర్చినప్పుడు మా నాన్న కెజియా అంటే మీరు ఉమాదేవి అని రాశారంటగా.”

“నీ మంచికే రాశాను. రేపు ఎస్సీ సర్టిఫికెట్టుకి పనికొస్తుందని రాశాను.”

“పనికొచ్చిందా?”

“నా చేతిలో ఏముందమ్మా? మండలాఫీసు ఆర్‌.ఐ. వచ్చి ఎంక్వయిరీ చేశాడు. మీరు హిందువులు కాదని రాసి పడేశాడు. హిందువులు కాకపోతే ఎస్సీ ఇవ్వరు, గవర్నమెంటు రూలు.”

“హిందువులమంటే ముంబై వాళ్ళు చదివించరు. యూదులమంటే గవర్నమెంటు చదివించదు. మరి నన్ను ఎవరు చదివిస్తారు మాస్టారూ? రొయ్యల చెరువు మీద కాపలా కాస్తూ ఒక్క రొయ్య నోట్లో పెట్టడు మా నాన్న. ఓనరు గోవర్ధనరావు గారు పదిమందిలో నవ్వుతాడు. అయినా పెట్టడు. ఎందుకంటే మనం రొయ్యలు తినకూడదని మాస్టారు చెప్పారంటాడు. పుస్తకంలో ఉందని కూడా అనడు, మాస్టారు చెప్పారంటాడు.”

“ఏలీయా బంగారంలాంటి మనిషి. నాకు మాత్రం బాధ లేదా? రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు నాకు. అడుగు మీ అత్తని.”

“అది నిజమేనే. అటూ ఇటూ దొర్లుతూనే ఉంటున్నారు.”

“ఎప్పట్నుంచి అత్తా?”

“రెండు వారాలై ఉంటుంది.”

“దీనా, ఆ పిల్లకి ఇంకో గ్లాసు కాఫీ పొయ్యి.”

“ఈ గ్లాసే తాగలేదండీ.”

“మాస్టారూ, మా సంగతి ఆర్‌.ఐ. గారికి ఎవరు చెప్పుంటారంటారు?”

“ఎవరైనా చెప్తారు. ఊళ్ళో నోళ్ళకి కొదవా? శనివారం మీ నాన్న చెరువు మీదికి వెళ్ళడని చిన్నపిల్లాడికి కూడా తెలుసు.”

“ఎవరు చెప్పారో గానీ వాడి నోరు పడిపోను! చదువుకునే పిల్ల నోటి దగ్గర కూడు తీసేశాడు.”

“అలా తిట్టకే, శుక్రవారం పూట.”

“తిట్టనా మరి? తల్లి లేని పిల్ల. ఇంటర్లో అన్ని మార్కులు తెచ్చుకుంది. ఎవడికేం అడ్డమొచ్చింది?”

“పోనీలే అత్తా. మాస్టారూ, జెండా పండగ మర్నాడు శనివారం మీరు ప్రార్థనకి రాలేదు.”

“జ్వరం వచ్చింది.”

“ఒళ్ళు కాలిపోతోందని అవనిగడ్డ డాక్టరు దగ్గరికి వెళ్ళారే. సాయంత్రానికి గానీ రాలేదు. నేనే అన్నాను, ప్రాణం మీదికొస్తే విశ్రాంతి దినమైనా బస్సెక్కొచ్చు, వెళ్ళిరండి అని.”

“మీరు లేకపోతే ఆ రోజు మా నాన్నే ప్రార్థన నడిపాడు. మీ జ్వరం తగ్గాలని అందరం నిలబడి అడిగాం.”

“తగ్గిందిగా. తగ్గింది.”

“డాక్టరు ఏం మాత్రలిచ్చాడు?”

“ఏవో ఇచ్చాడు. తెల్లవి.”

“నాకు మాత్రలేం కనబడలేదే?”

“అన్నీ నీకు చూపించి మింగాలా? ఇప్పుడు ఆ గోలెందుకు? ఇటివ్వమ్మా ఆ కాగితం, రాస్తాను. నా కళ్ళజోడేది?”

“నుదుటి మీదుంది.”

“పెన్ను?”

“ఇదిగోండి మాస్టారూ.”

“ఇది నీలం ఇంకు. ఫ్యాక్సులో మసకగా పడుతుంది. నల్లది కావాలి.”

“నల్లది కూడా తెచ్చాను.”

“అన్నీ సిద్ధంగా తెచ్చుకున్నావే. కింద పెట్టుకోడానికి ఏదైనా అట్ట ఇవ్వు దీనా. అది కాదు, గట్టిది. ఆఁ. ఇవాళ తేదీ ఎంత?”

“ఇరవై తొమ్మిది.”

“ఇరవై తొమ్మిది... ఎనిమిది... రెండువేల మూడు. కోడూరు మండలం, కృష్ణా జిల్లా. మండలం ముందు రాయాలా, జిల్లా ముందు రాయాలా?”

“ఏదైనా ఒకటే మాస్టారూ. రాయండి.”

“తొందరపెట్టకు. పెద్దవాళ్ళకి వెళ్ళే కాగితం. ‘అయ్యా’ అని మొదలుపెట్టనా, ‘గౌరవనీయులైన’ అనా?”

“ఏవండీ, మీరు బళ్ళో పిల్లలకి లీవు లెటరు కూడా ఇంతసేపు నేర్పించరు.”

“దీనా, ఒకసారి బయటికి చూడు. ఆ తాడిచెట్ల మీద ఎండ ఉందా?”

“ఎందుకండీ?”

“ఉందా లేదా చెప్పు.”

“లేదు.”

“అయితే అయిపోయింది. పొద్దుగూకింది. చూశావా అమ్మా, మొదలుపెట్టాను. నా తప్పేం లేదు. పెన్ను తీసుకో.”

“మాస్టారూ, ఇంకా వెలుతురుందండీ.”

“వెలుతురు కాదు లెక్క, పొద్దు.”

“ముంబైలో పొద్దు మనకంటే అరగంట ఆలస్యంగా గూకుతుంది. సోషల్లో మీరే చెప్పారు. వాళ్ళ ఆఫీసు ఇంకా తెరిచే ఉంటుంది. ఎస్టీడీ బూతులో పిచ్చేశ్వరరావు గారు ఫ్యాక్సు మిషను ఆన్ చేసి నా కోసం కూర్చున్నారు. ఆయనే పంపుతారు. మనం మిషను ముట్టుకోనక్కర్లేదు.”

“అక్కడి పొద్దు అక్కడిది. రాసే చెయ్యి ఇక్కడుంది.”

“నేనింకా కొవ్వొత్తులు వెలిగించలేదు. నేను వెలిగించేదాకా ఈ ఇంట్లో శుక్రవారమే. మీరు రాయండి.”

“నువ్వు వెలిగించకపోతే పొద్దు ఆగుతుందా? ఏం మాట్లాడుతున్నావే? ఇరవయ్యేళ్ళుగా ఈ పన్నెండు గడపలకీ ఆజ్ఞలు చదివి వినిపిస్తున్నవాణ్ణి. విశ్రాంతి దినాన పెన్ను పట్టిన మనిషిని కాను. పీక మీద కత్తి పెట్టినా పట్టను.”

“ఎప్పుడూ పట్టలేదా మాస్టారూ?”

“ఎప్పుడూ.”

“ఒక్కసారి కూడా?”

“ప్రమాణం చెయ్యమంటావా ఏంటి?”

“వద్దు. వద్దండీ, ప్రమాణం మాత్రం చెయ్యకండి.”

“ఏంటే ఏడుస్తున్నావ్? నీ నోటు పుస్తకంలోంచి ఏదో తీస్తున్నావ్, ఏంటది?”

“జిరాక్సు అత్తా. సర్టిఫికెట్టు ఎందుకివ్వరని మండలాఫీసులో అడిగితే, ఎంక్వయిరీ కాగితాలు కాపీ తీసిచ్చారు. వారం నుంచి నా దగ్గరే ఉంది. దీన్ని పంపకూడదనే రోజూ మీ అరుగెక్కాను. మాస్టారు నాలుగు లైన్లు రాసిస్తే దీన్ని చింపి కాలవలో పారేద్దామనుకున్నాను. మా నాన్నకి కూడా చూపించలేదు.”

“కెజియా, ఇంటికెళ్ళమ్మా. చీకటి పడుతోంది.”

“ముంబై వాళ్ళు అడిగినవన్నీ దీంట్లో ఉన్నాయి అత్తా. ప్రభుత్వ ఉద్యోగి సంతకం ఉంది. హోదా ఉంది. నా రెండు పేర్లూ ఉన్నాయి.”

“ఎవరా ఉద్యోగి?”

“దీనా, లోపలికి పద.”

“ఎవరే ఆ ఉద్యోగి? చదువు.”

“చదవకు. అమ్మా, నీకు దణ్ణం పెడతాను, చదవకు.”

“చదవమన్నాను. నాకు అక్షరం ముక్క రాదని ఇన్నేళ్ళూ ఈయన ఏం చదివితే అదే విన్నాను. ఇవాళ నువ్వు చదువు.”

“‘ఆర్‌.ఐ. గారి ఎదుట ఇచ్చిన వాంగ్మూలం. ఏలీయా కుమార్తె, కెజియా అనబడు ఉమాదేవి నాకు చిన్ననాటి నుండి తెలుసు. వారిది యూదుల కుటుంబం. శనివారం ఏ పనీ చేయరు. రొయ్యలు తినరు. ప్రార్థన మందిరం నడిపేది ఏలీయాయే. ఆ మందిరంతో నాకు గానీ నా భార్యకు గానీ ఎలాంటి సంబంధం లేదు. మేము హిందువులము. సంతకం, వెంకటపతి, సెకండరీ గ్రేడు టీచరు.’”

“ఏవండీ...”

“నన్నేం చెయ్యమంటావే! మందిరానికి పెద్ద నువ్వేనంటగా అన్నాడు ఆర్‌.ఐ. అవునంటే ఉద్యోగం ఇవాళే ఆఖరన్నాడు. కాదంటే మరెవరో చెప్పమన్నాడు. ఏలీయాకి పోయే ఉద్యోగం లేదు కదా అనుకున్నాను. ఈ పిల్ల సర్టిఫికెట్టు సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు.”

“ఎంక్వయిరీయే నా సర్టిఫికెట్టు కోసం మాస్టారూ.”

“ఆ నోరు పడిపోవాలని ఇందాక నేనే అన్నాను.”

“దీనా, అలా చూడకే. కెజియా, ఆ కాగితం ఇలా ఇవ్వు తల్లీ. అది ముంబై వెళ్ళిందంటే మన మందిరం మొహం మళ్ళీ ఎవరూ చూడరు. పెద్దే కాదన్న మందిరాన్ని ఎవరు నమ్ముతారు?”

“ఇది వెళ్ళకపోతే నా చదువు ఆగిపోతుంది. వెళ్తే మీరు మందిరంలో తలెత్తుకోలేరు. వారం నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. నాకు దారి కనబడలేదు. మీకేమైనా కనబడుతోందా?”

“కనబడుతోంది. కనబడుతోందమ్మా, కూర్చో. ఆ నల్ల పెన్ను ఇలా ఇవ్వు. రాసేస్తాను. నాలుగు లైన్లేగా! వెంకటపతి అనే పెడతాను, హోదా కూడా రాస్తాను. ఉద్యోగం పోతే పోనీ. అరగంట ఉందన్నావుగా?”

“వద్దు మాస్టారూ. పొద్దుగూకిందని మీరే అన్నారు. విశ్రాంతి దినాన మీచేత రెండోసారి సంతకం పెట్టించే పాపం నాకొద్దు. బూతు మూసేస్తారు, నేను వెళ్తున్నా అత్తా.”

“ఆగవే. రెండోసారేంటి?”

“కింద తేదీ ఉంది అత్తా. ఆగస్టు పదహారు. మేమంతా నిలబడి మాస్టారి జ్వరం తగ్గాలని ప్రార్థన చేసిన శనివారం.”