మూడో అరలోని ఎర్ర గిన్నె

ఠాణాలో వాంగ్మూలం ఇస్తున్నాను. నా పేరు మొమొసె సుజుయె. వయసు యాభై ఎనిమిది. మాది కిసో లోయలోని హిరసావా. నా భర్త కిహెయ్ చెక్క గిన్నెలకు మెరుపు కోసం ఉరుషి చెట్టు పాలు పూస్తారు. ఆ పాలు వడకట్టి ఇచ్చేదీ, ముందు గదిలో గిన్నెలు అమ్మేదీ నేను.

ఈ రోజు, అక్టోబరు పద్నాలుగు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఒక విదేశీ తల్లి, నాలుగేళ్ల పాప దుకాణానికి వచ్చారు. ఆమె ఫోనులో మాట్లాడితే అది మా భాషలో చెప్పేది. పాపకు చిన్న ఎర్ర గిన్నె కావాలన్నారు. బయటి అరల్లో లేదు. నా భర్త పంటి వైద్యుడి దగ్గరికి వెళ్లారు. వెనక, ఆరబెట్టే బీరువా మూడో అరలో ఒకటి ఉంది. వేలితో ముట్టి చూశాను. అంటలేదు. తెచ్చి ఇచ్చాను.

“పిల్లలు దీంట్లో తాగొచ్చా?” అని తల్లి అడిగింది.

“మా మనవడు తాగేది ఇలాంటి దాంట్లోనేనమ్మా” అన్నాను.

పాప అక్కడే గిన్నె అంచు నోట్లో పెట్టుకుని కొరికింది. నేను నవ్వాను. నవ్విన సంగతి కూడా రాయండి.

వాళ్లు రెండూ పన్నెండు మత్సుమోతో రైలుకు వెళ్లారు. రెండున్నరకు నా భర్త వచ్చి బీరువా తెరిచారు.

“ఏమే, మూడో అరలో గిన్నె ఏదీ?”

“అమ్మేశాను.”

“మతిగాని పోయిందా? పైపూత వేసి వారం కాలేదు. ఇంకా రెండు నెలలు ఆరాలి.”

“ముట్టి చూశానండీ. అంటలేదు.”

“ముప్పై ఏళ్లుగా ఉరుషిలో నానిన వేలది. దాన్ని అడిగితే ఏం చెబుతుంది?”

ఆరని ఉరుషి తగిలితే ఒళ్లు పొక్కుతుంది. ఇరవై నాలుగో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు తొమ్మిది రోజులు నా కళ్లు తెరుచుకోలేదు. తర్వాత ఒంటికి అలవాటైంది. ఇప్పుడు దాని వాసన కూడా తెలియదు. ఇతరులకు పొక్కుతుందన్నది మరిచిపోయాను.

రెండూ నలభైకి ఠాణాకు ఫోను చేశాను. కానిస్టేబుల్ ఉసామి గారు, “గిన్నె గాని కరుస్తుందా పిన్నిగారూ?” అని నవ్వారు. నా ఏడుపు విని మత్సుమోతో రైలు స్టేషనుకు కబురు చేశారు. మూడూ ఐదుకు వాళ్లు అక్కడ దొరికారు. పాప బెంచీ మీద కూర్చుని ఆ గిన్నెలోనే పాలు తాగుతోందట. అది రెండోసారి పోసిన పాలట.

పెదవులు బాగానే ఉన్నాయని అక్కడి వైద్యుడు అన్నారట. ఈ రోజు బాగానే ఉంటాయి. పొక్కడం రేపో ఎల్లుండో మొదలవుతుంది. నాకూ మర్నాడే మొదలైంది. వాళ్లకు ఎల్లుండి విమానం. రేపు పొద్దున ఎవరైనా వెళ్లి పాప పెదవులు చూడాలి. గొంతు కూడా చూడాలి. ఈ మాట రెండుసార్లు రాయమన్నాను. ఒకసారి చాలని ఉసామి గారు అన్నారు.

రాసింది నాకు చదివి వినిపించారు. జరిగింది ఇదే. నేను దాచింది లేదు, కలిపింది లేదు. సంతకానికి బదులు వేసే ఇంటి ముద్ర తేలేదు కనుక ఎడమ చూపుడువేలు ఒత్తాను. గిన్నెను ముట్టి చూసిన వేలూ అదే. గీతల్లోకి ఉరుషి నలుపు దిగి ఉండడంతో గుర్తు సరిగా పడలేదు. మూడుసార్లు ఒత్తాను. నా వేలు పట్టుకుని ఒత్తించిన ఉసామి గారిని చేయి కడుక్కోమన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు. లేచి వెళ్లి కడుక్కున్నారు.

సాయంత్రం 5.20
మొమొసె సుజుయె (వేలిముద్ర)