ఉపగ్రహం అడిగిన దారి

టాక్సీ స్టాండు పక్క టీకొట్టులో డ్రైవరు బాబాయి నోరు తెరిచాడంటే గ్లాసుల్లో టీ చల్లారాల్సిందే. కారు ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాడు, కోతలు నలభై ఏళ్లుగా కోస్తున్నాడు. ఈవేళ మాత్రం ఆయన చూపు మాటిమాటికీ ఎదుటి ఆసుపత్రి గేటు మీదికి పోతోంది. పొద్దున నొప్పులు పడుతున్న ఓ అమ్మాయినీ, ఆమె అత్తగారినీ అక్కడ దింపాడు. దింపి మూడు గంటలైంది, కబురు లేదు. ఆ బెంగ బయటపడకుండా మరీ గట్టిగా మొదలుపెట్టాడు.

"మా తాత దారి చెప్పాలంటే నేల మీద పుల్లతో గీసేవాడు. మా నాన్న మడతలు చిరిగిన కాగితం మ్యాపు సీటు కింద దాచుకునేవాడు. ఇప్పుడేమో ఫోనులో ఒకావిడ కుడి, ఎడమ అంటుంది. పొద్దున ఆవిడ మాట విని వెళ్తే ఏముంది? రోడ్డంతా తవ్విపోశారు! ఫోను కట్టేసి, నాన్న మ్యాపు మనసులో పరుచుకున్నాను."

"కళ్లు మూసుకునా?" అన్నాడు మెకానిక్.

"ఒక కన్నేలేవోయ్! సందులో సందు, అందులో పిల్లసందు. కారుచేత కూడా ఊపిరి బిగబట్టించాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా గోడ! మ్యాపులో అక్కడ గోడే లేదు. నాన్న మ్యాపు అబద్ధమాడుతుందా? హారన్ కొట్టాను, గోడే పక్కకు జరిగింది!"

"గోడకు కాళ్లొచ్చాయా బాబాయ్?" అంది టీకొట్టావిడ.

"వినవమ్మా! ఇంతలో ఫోను. ఎవరనుకున్నావు? పైనున్న ఉపగ్రహం! 'అయ్యా, ఆ దారి మా దగ్గర లేదు, కాస్త నెమ్మదిగా పోండి, గీసుకుంటాం' అని బతిమాలింది. పోనీ పాపమని..."

అత్తగారు గేటు దాటి వస్తోంది. బాబాయి గ్లాసు పక్కన పెట్టేసి లేచాడు.

"చెల్లెమ్మా..."

"ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం."

బాబాయి బల్ల మీద కూలబడి, పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరంతా వదిలాడు.

"ఈయన ఉపగ్రహానికే దారి చెప్పాడటగా!" అన్నాడు మెకానిక్.

"ఈయనా?" అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "తవ్విన రోడ్డు చూడగానే స్టీరింగు వదిలేసి ఏడుపు లంకించుకున్నాడు. ఆ సందుల్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచేది మా కోడలే. నొప్పి తగ్గినప్పుడల్లా 'కుడికి తిప్పు బాబాయ్, ఇప్పుడు ఎడమకి, ముందు నువ్వు ఏడుపాపు' అంటూ అదే తీసుకొచ్చింది."

కొట్టంతా గొల్లున నవ్వింది. ఇంకో రోజైతే బాబాయి దీని మీద మరో కోత కోసేవాడే. ఇవాళ కళ్లు తుడుచుకుని, తనూ నవ్వేశాడు.

"నిజమే, ఏడ్చాను. ఇంతకీ పాప పుట్టగానే ఏడ్చిందా చెల్లెమ్మా?"

"ఏడవకేం? మీకంటే తక్కువేలెండి అన్నయ్యా!"