దానమ్మ లేకుండా ఆడిన ఆట

దానమ్మని క్రికెట్టు ఆటకి రావద్దన్నారంట. అన్నది బయటోళ్ళు కాదు, మన పేటోళ్ళే. చేపల తట్ట బోర్లించి, హద్దుగీత పక్కన దానిమీద కూచుని, ఒక్క ఆట వదలకుండా గొంతు పోయేదాకా అరిచే మనిషి అనుకో. మొగుడు సముద్రంలో పోయాక ఆమె నవ్వితే ఆ గీత పక్కనే నవ్వేది. ఏమైందంటే, కిందటేడు చింతలరేవు వాళ్ళతో ఆట. మనోళ్ళు రెండు వికెట్లకి అరవై. చక్కగా పోతా ఉంది. కాలు తిమ్మిరెక్కి దానమ్మ లేచి నిలబడింది. ఆమె లేవడం, ఎల్లాజీ అవుటవడం ఒక్కసారే. ఎల్లాజీ అంటే మన కెప్టెన్. ఆ తరవాత వరసగా వచ్చారు, వరసగా వెళ్ళారు. డెబ్బై ఒకటికి ఆలౌటు. మనమా, సముద్రం మీద బతికేవాళ్ళం, పడవ తోసేటప్పుడు ఎవరైనా తుమ్మితేనే ఆగిపోతాం. "ఆ అప్ప లెగకపోతే గెలిచీవోళ్ళం" అన్నాడంట మన జట్టుకి డప్పు కొట్టే పోలారావు. ఆ ఒక్కమాట వారంలో పేటంతా తిరిగింది.

ఈ ఏడు మళ్ళీ వాళ్ళతోనే ఆట వచ్చింది. పోలారావు ఇంకో నలుగుర్ని వెంటేసుకుని దానమ్మ గుమ్మం ముందు నిలబడి, అప్పా, కోపం పెట్టుకోకు, ఈ ఒక్కపాలికి ఇంటికాడ ఉండిపో, గెలిస్తే మరి, గెలిస్తే, అని నసిగాడంట. "గెలిస్తే మరెప్పుడూ రావద్దంతావు. అంతే కదరా?" అంది దానమ్మ. వాడు తల దించుకున్నాడు. "సరే, ఎల్లండి" అంది. అంతే అంది.

ఆటరోజు పొద్దున్నే డప్పులు కొట్టుకుంటా వ్యానెక్కి పోయారు. దానమ్మ ఇసకలో ఉప్పుచేపలు తిరగేస్తా ఉంది. పక్కింటి ఆదెమ్మ వచ్చి పక్కన చతికిలబడి, "అప్పా, ఓడిపోవాలని మొక్కుకో. ఓడితే నీ దోసం కాదని తేలిపోద్ది" అందంట. "నోర్ముయ్యే! నాకోసం పదకొండుమంది మొకాలేలాడేసుకుని రావాలేటి?" "గెలిస్తే మరి ఈ జన్మలో ఆట సూడవు, తెలుసా?" "సూడను. ఎవరిచేతైనా సెప్పించుకుంతాను." అలాగనేసి, చెయ్యి కడుక్కుని, గంగమ్మకి దీపం పెట్టింది. గెలవాలనే పెట్టింది. నేను కళ్ళారా చూశాను, నాకు బాగా గుర్తుంది.

సాయంత్రం వ్యాను డప్పు లేకుండా వచ్చింది. మర్చిపోకముందే ఒక మాట చెప్పేస్తాను, ఇప్పటి పిల్లలకి తెలీదు. వట్టి పడవ ఒడ్డుకొస్తే మనం ఏమి పడిందని అడగం. మాట్లాడకుండా వెళ్ళి వల భుజానికెత్తుకుంటాం. దానమ్మ అలాగే వెళ్ళింది. ఎంతకి ఓడారని అడగలేదు. ఎల్లాజీ చేతిలో బ్యాట్ల సంచి తీసుకుని నెత్తిన పెట్టుకుని నడిచింది. ఇరవై తొమ్మిదికే అయిపోయారని మాకు తరవాత తెలిసింది. పోలారావు వెనకాలే వచ్చి, "అప్పా, వచ్చే ఏడు నువ్వు రావాల. నీ దోసం కాదు" అన్నాడు. దానమ్మ సంబరపడుద్దని మేమంతా చూస్తన్నాం. సంచి దించి, గడపమీద కూలబడి ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి. "నా దోసమే అయితే ఎంత బాగున్నురా! నాను ఇంట్లో కూకుంటే మీరు గెలిచీవోరు. మీ ఓటమికి మందు దొరికినాదనుకున్నాను. ఇప్పుడు నన్నేటి సెయ్యమంతారు?" అంది. ఆ రాత్రి చాలా ఇళ్ళల్లో వండిన చేపలు అలాగే ఉండిపోయాయి.

ఇంక ఆ ఆట మానేస్తారనుకున్నాం కదా, మానలేదు. మూడోరోజుకి ఇసకలో మళ్ళీ వికెట్లు పాతారు. దానమ్మ వెళ్ళి తట్ట బోర్లించుకుని కూచుంది. అరవడానికి మాత్రం ఇంకా గొంతు రావట్లేదంట. పోలారావేమో కొత్తగా తన ఆకుపచ్చ తువ్వాలుని అనుమానిస్తన్నాడు. ఓడిన రెండుసార్లూ అదే మెళ్ళో ఉందంట. వచ్చే ఏడు దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తాడంట, గెలుపు ఖాయమంట. నన్నడిగితే, తువ్వాలు పాపం దానమ్మలాగ ఏడవదు కదా, కానియ్యమన్నాను.