ఫ్యాన్ వేసిందని

ఫ్యాన్ వెయ్యొద్దని ఎన్నాళ్లు చెప్పాలి డాక్టరమ్మా దానికి? ఇస్త్రీ చేసే గదిలో ఎవరైనా ఫ్యాన్ వేస్తారా! చల్లిన నీళ్లు పెట్టె ఆనించకముందే ఆరిపోతాయి. మడత నిలవదు.

అదిగో, తలుపు సందులోంచి చూడు. బెంచీ మీద కూర్చుని నువ్వు రాసిచ్చిన చీటీతోనే విసురుకుంటోంది. మా తోడికోడలు. చిన్నది అంటాం ఇంట్లో. యాభైకి దగ్గరపడ్డా చిన్నదే. మగవాళ్లిద్దరూ పోయాక షాపూ మా ఇద్దరిదే, వెనక గదీ మా ఇద్దరిదే. ఎదురెదురు బల్లలు. మధ్యలో మాటల్లేవు.

ఎందుకంటావా? ఆ రోజు పొద్దున్నే వచ్చి ఫ్యాన్ వేసింది. నేను కట్టేశాను. మళ్లీ వేసింది. మళ్లీ కట్టేశాను. అంతే! చేతిలో పెట్టెని తెల్లకోటు మీద అలాగే వదిలేసి, "నీకు ఒళ్లంటూ ఉంటేగా అక్కయ్యా తెలియడానికి? నువ్వూ ఓ ఇస్త్రీ పెట్టెవే!" అంది.

కోటు వీపు మీద పెట్టె అచ్చు దిగిపోయింది. కోటాయన్ని బతిమాలుకుంది ఎవరు? నేను!

మర్చిపోతానా ఆ మాట? నా పెళ్లికి నలిగిన చీర పెట్టినవాళ్లతోనే ఇప్పటిదాకా మాట్లాడలేదు నేను.

ఇందాక దానికి ఆ గోడమీది మూడు మెట్ల బొమ్మలు చూపించి చెప్పావే, నేనూ విన్నాను. అక్షరాలు రాకపోతేనేం, బొమ్మలు తెలుస్తాయిగా. మొదటి మెట్టులో నెలసరి దారి తప్పుతుంది. ఓసారి ముందే వస్తుంది, ఓసారి నెలల తరబడి పత్తా ఉండదు. ఆ హార్మోను, ఈస్ట్రోజనో ఏదో అన్నావు, ఉన్నట్టుండి పెరుగుతుంది, ఉన్నట్టుండి పడిపోతుంది. లోపల తీగ వదులైన పెట్టె అన్నమాట. మర ఎటు తిప్పినా దాని ఇష్టమే. కాసేపు బట్ట మాడ్చేస్తుంది, కాసేపు అసలు వేడే ఎక్కదు. చెమటలు, నిద్ర పట్టకపోవడం, కారణం లేని ఏడుపు, అన్నీ దాని పనే. ఏడాది పాటు ఒక్కసారీ రాకపోతే ఇక ఆగినట్టు, అది రెండోది. అక్కణ్ణుంచి బతికినంత కాలం మూడోది. అంతేగా? ఒక్కసారి వింటే చాలు నాకు.

మరి నాకెవరూ చెప్పలేదేం డాక్టరమ్మా?

నాకూ వచ్చే ఉంటుందిగా అదంతా! చెమటకి పెట్టె చేతిలోంచి జారేది. జాకెట్టు వీపుకి అతుక్కునేది. పెట్టె వేడి అనుకున్నాను. రోజంతా దాని ముందు నిలబడే మనిషికి, ఏది పెట్టె వేడో ఏది తన వేడో ఎలా తెలుస్తుంది చెప్పు?

మా ఆయన, "నీ పక్కన పడుకుంటే పొయ్యి పక్కన పడుకున్నట్టుందే" అని చాప చంకన పెట్టుకుని షాపులోకి పోయాడు. ఆ చాప మళ్లీ గదిలోకి రాలేదు. రమ్మని నేను అనలేదు. రానా అని ఆయన అడగలేదు. నేనంటేనే వెగటు పుట్టిందనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను. ఇవాళ నువ్వు ఆ బొమ్మ మీద పెన్ను ఆనించి చెప్తుంటే...

సరేలే. ఇప్పుడెందుకు ఆ సంగతి.

అయినా ఆ మూడో బొమ్మ ఎవరు గీశారు? ఆడది అయ్యుండదు. తల నెరిసినావిడ పూలకుండీలో నీళ్లు పోస్తూ నవ్వుతోంది. అంత నవ్వేముందట అక్కడ?

లేస్తాను, లేస్తాను. బయట జనం ఉన్నారని తెలుసు. ఒక్క మాట. ఆ మూడో మెట్టు ఎక్కిన మనిషికి మళ్లీ నెలసరి వస్తుందా? ఊరికే అడిగాను.

రాదా. ఒక్క చుక్క కూడానా? మరి వస్తే?

నేను మరకల మనిషిని డాక్టరమ్మా. టీ, సిరా, తుప్పు, చూడగానే చెప్పేస్తాను. లంగా మీది మరక చూసి తుప్పే అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండోసారీ తుప్పే అనుకున్నాను. కానీ తుప్పు చన్నీళ్లకి పోదు. ఇది పోయింది.

అవును, నాకే. చిన్నదానికి ఏ జబ్బూ లేదని నాకు తెలీదా? "దీనికి పిచ్చి ముదిరింది, డాక్టరుకి చూపించాలి" అని పక్క షాపు టైలరు చేత చెప్పించి మరీ నేను దాన్ని లాక్కొచ్చింది నా కోసమే. ఒక్కదాన్నే రాలేక.

తిట్టకు. మొదటిసారే రావాల్సిందా? వచ్చానుగా ఇప్పుడు. ప్రతిదీ చెడ్డదే కానక్కర్లేదంటావు, చూడకుండా మాత్రం వదలకూడదంటావు. సరే, చూడు.

ఈ బల్ల మీదేనా? ఇంత చల్లగా ఉందేంటమ్మా ఇది.

ఆగు. చిన్నదాన్ని పిలువు. నేను పిలిచానని చెప్పకు, నువ్వే రమ్మన్నట్టు పిలువు. దాని చెయ్యి ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. కాసేపు పట్టుకుంటాను.

ఆ ఫ్యాన్ కూడా వెయ్యి. పర్లేదు, నాకు చలేస్తే వెయ్యనీ. దానికి ఉక్కపోస్తుంది.