అన్నవాళ్లే తీసుకుపోవాలి

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న సర్పంచ్ వెంకటప్పయ్య గారికి, వేదిక మీదున్న హెడ్మాస్టరు గారికి, మబ్బు పట్టింది, వాన పడేలోపు ఇల్లు చేరాలని మనసులో ఉన్నా మర్యాదకు కూర్చున్న పెద్దలకు, చర్ల బస్సు దిగి నేరుగా హాలుకే వచ్చిన పాత విద్యార్థినులకు, వేసిన దండను అప్పుడే మెడలోంచి తీసి పూలు ఒక పక్కకు, దారం ఒక పక్కకు విడదీస్తున్న మా లిదియా టీచర్ గారికి నమస్కారాలు. (నవ్వులు) టీచర్, ఈ ఒక్క పూటైనా ఆ దారాన్ని వదిలేయండి. వదలరు. సరే, కానివ్వండి.

నా పేరు హేమ్లి. తండా నుంచి నడిచొచ్చి ఈ బడిలో చదివి, ఖమ్మంలో బీ.ఏ. చేసి, ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ నిలవని పిల్లగా మీలో చాలామందికి తెలుసు. నా వెనక అనుకునేది నేనే ముందు చెప్పేస్తే మీకూ నాకూ హాయి.

టీచర్ గారి క్రాఫ్టు గదిలో ఒకే ఒక్క రూలు ఉండేది. ఆరో తరగతిలో ఇంటి నుంచి ఏదైనా పాత వస్తువు తెమ్మంటే, మా అమ్మ కట్టి కట్టి చింపేసిన అద్దాల లంగా పట్టుకొచ్చాను. తీరా అందరి ముందు విప్పేసరికి సిగ్గేసి “ఇది పనికిరాదు టీచర్” అన్నాను. గదంతా ఒక్కసారిగా “ఓ...” అంది. టీచర్ మాత్రం తాపీగా, “అన్నవు గదా? ఆ మాట అన్నోళ్లే తీస్కపోవాలె. ఏదన్న చేసి మళ్ల తేవాలె” అన్నారు. ఇంటికెళ్లి ఏడుస్తుంటే మా అమ్మ నవ్వి, మూల పడున్న విరిగిన చేట తీసింది. పాత కాగితాలు, మెంతులు నానబెట్టి రుబ్బి ఆ ముద్ద దాని మీద మెత్తి, తడి ఆరకముందే లంగా అద్దాలన్నీ గుచ్చాం. మీ వెనక గోడ మీద మెరుస్తున్నది అదే, హెడ్మాస్టరు గారూ. మీరు రోజూ దాన్లో చూసుకునే తల దువ్వుకుంటారు. (నవ్వులు)

జిల్లా ప్రదర్శనకు వెళ్లిన సంగతి కూడా చెప్పాలి. మాకంటే ముందే లేచిన మన అటెండర్ పిచ్చయ్య తాత, శుభ్రంగా ఉండాలని హాలు ఊడుస్తూ, బల్ల మీద మేం పెట్టుకున్నవన్నీ చెత్తే అనుకుని మునిసిపాలిటీ బండికి ఎత్తేశాడు. తాతా, తల ఎత్తు, ఇప్పుడెవరూ తిట్టరు. ఆ రోజు కూడా టీచర్ తిట్టలేదు. “పిచ్చయ్యా, ఊడిస్తే ఇంకేం దొరికినయి?” అని మాత్రం అడిగారు. సోడా మూతలు, అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, చాయపత్తి పొట్లాల వెండి కాగితం దొరికాయి. మధ్యాహ్నానికి బల్ల మీద గోదావరి లాంచీ నిలబడింది, పొగగొట్టంతో సహా. చూడ్డానికొచ్చిన పెద్దాఫీసరు “దీన్ని దేంతో చేశారమ్మా?” అంటే, టీచర్ చేతులు కట్టుకుని “తమరొస్తున్నరని ఊడ్చినం సార్, దాంతోనే” అన్నారు. మొదటి బహుమతి మనకే వచ్చింది. (చప్పట్లు)

ఇక నా సంగతి. కిందటేడు మూడో ఉద్యోగం కూడా వదిలేసి వచ్చి, క్రాఫ్టు గది గడప మీద కూర్చుని, “నేను దేనికీ పనికిరాను టీచర్” అన్నాను. ఆమె విరిగిన చేతిగాజుల ముక్కలు కొవ్వొత్తి మీద వంచి గొలుసు చేస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు: “అన్నవు గదనే హేమ్లీ. తీస్కపో మరి.”

అప్పటి నుంచి నన్ను నేనే మోసుకు తిరుగుతున్నాను. తండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఎరువుల సంచుల దారంతో బుట్టలు అల్లిస్తున్నాను. ఎక్కడా నిలవనిదాన్ని అక్కడ నిలిచాను.

ఇప్పుడు అసలు విషయం. ఇందాక అధ్యక్షులు మాట్లాడుతూ, టీచర్ గారి స్థానంలోకి ఎవరూ రావడం లేదు కాబట్టి ఆ గది ఇక పనికిరాదని, రేపటి నుంచి విరిగిన బెంచీలు పడేసుకుని తాళం వేద్దామని సెలవిచ్చారు. వెంకటప్పయ్య గారూ, మీరే అన్నారు. రూలు ఇప్పుడే చెప్పాను. (హాలంతా “ఓ...” అన్నది; నవ్వులు)

(అధ్యక్షులు మైకు అందుకుని: “అవ్ తల్లీ, అన్న. దొరికిపోయిన. ఏం జెయ్యాల్నో గది గూడ నువ్వే చెప్పు.”)

తాళం వద్దండి. బెంచీలు మాత్రం జల్దీ పంపించండి, అది మంచి టేకు. జీతం సంగతి తర్వాత చూసుకుందాం, పిల్లలకు నేను నేర్పుతాను.

(అధ్యక్షులు: “అందరి ముందట చెప్తున్న, ఆ గది తాళంచెవి నీకే. బెంచీలు నేనే బండి మీద తోలిపిస్త. గానీ, నాక్కూడ ఒక కుర్చీ జేసియ్యాలె.”) (చప్పట్లు చాలాసేపు)

చేయడం కాదండీ, నేర్పుతాం. మీరే చేసుకోవాలి. రూలు రూలే. (నవ్వులు)

టీచర్, మీ గది ఎక్కడికీ పోలేదు. మీరు అనుమానంగా చూడకండి, ఈసారి నిలుస్తాను. ఇంత ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. అదుగో, దండ దారం మొత్తం ఉండ చుట్టేసి, తీసుకోమని చెయ్యి చాపుతున్నారు మా టీచర్. వెళ్లి అందుకోవాలి. సెలవు.