చేత్తో సంతకం పెట్టిన నోటు

ఇరవై రెండేళ్ళ తర్వాత ఆమె బావగారి గడప తొక్కింది. ఆమె భర్త పుస్తకాలు బైండు చేసే మనిషి. భర్త అన్నగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ముందుగది గోడ పొడుగునా గాజు బీరువాలు, వాటి నిండా దక్షిణ అమెరికా పాతనోట్ల ఆల్బములు. తోటికోడలు మంచినీళ్ళిచ్చి గుమ్మం పక్కనే నిలబడింది. తమ్ముడు పంపిన నోటంటూ మరదలు బల్ల మీద పెట్టిన కవరును బావగారు ఇంకా ముట్టుకోలేదు.

"దొంగసొత్తు వెనక్కివ్వడానికి పెళ్ళాన్ని పంపిస్తాడా? వాడికి కాళ్ళు లేవా?"

"కాళ్ళున్నాయి బావగారూ. కళ్ళే సరిగా లేవు. మెట్లు దిగాలంటే భయపడుతున్నారు."

"కళ్ళు వాడికెప్పుడున్నాయి గనక. చిలీ నోటుకీ పెరూ నోటుకీ తేడా తెలియని రోజుల్నించీ చూస్తున్నాను. నేనే కూచోబెట్టి నేర్పాను. గాడిదకి గంధం పూసినట్టయింది."

"మీరు నేర్పారనే ఇప్పటికీ చెప్పుకుంటారు. దేశదేశాలకీ ఉత్తరాలు రాసింది మీరూ, స్టాంపులంటించి పోస్టులో వేసింది తనూనట. జవాబులో నోటొస్తే ఇద్దరూ కిటికీ దగ్గర పట్టుకుని..."

"కథలొద్దు. నా ఇంట్లో తిని నా బీరువాలోనే చెయ్యి పెట్టాడు. ఏ ఆల్బముకి అట్ట కట్టమని పిలిచానో ఆ ఆల్బములోంచే నోటు లేపేశాడు."

"ఆయన తియ్యలేదు."

"తియ్యనివాడు ఇప్పుడు తెచ్చివ్వడమేంటి?"

"ముందు కవరు విప్పండి. తర్వాత మాట్లాడండి."

"విప్పుతాలే. ఆ నీళ్ళగ్లాసు బల్ల మీంచి తీసెయ్. ఏమేవ్, నువ్వు భూతద్దం పట్రా. గుమ్మానికి అతుక్కుపోయావేం."

"ఇదిగోండి."

"ఊఁ. బ్రెజిల్. యాభై క్రుజెయిరోలు. వంగపండు రంగు, రాకుమారి బొమ్మ. తొలివిడతదే. సంతకం అచ్చు కాదు, సిరా... ఎక్కడిది వాడికి?"

"అక్కడ డబ్బు పేరు క్రుజెయిరో అని మార్చిన కొత్తల్లో సంతకాలు గుమాస్తాలు కూచుని చేత్తో పెట్టారట కదా. అందుకే ఏ రెండు నోట్లూ ఒకలా ఉండవట."

"నాకు చెప్తున్నావా?"

"మీకు కాదు, నాకే చెప్పుకుంటున్నాను. ఇరవై రెండేళ్ళుగా విని విని కంఠతా వచ్చేసింది."

"ఎక్కడిదని అడిగాను."

"ఓడల్లో వంటమనిషిగా చేసిన ముసలాయన దగ్గరుందని ఎవరో చెప్పారు. డబ్బుకివ్వనన్నాడాయన. మీ తమ్ముడు తన రెండు ఆల్బములూ ఇచ్చి తెచ్చుకున్నారు. బొలీవియా, ఉరుగ్వే, పరాగ్వే, మొత్తం."

"రెండూనా? ఈ ఒక్కదానికా? బేరమాడ్డం కూడా రాని వెధవ. నడిమికి మడత. మూల చిరుగు. పైగా ఎవడో కడిగి ఇస్త్రీ చేశాడు. కడిగిన నోటు కొన్నవాడి కంటే తెలివితక్కువవాడు లోకంలో ఉండడు."

"ఆయనకి కనపడలేదు బావగారూ. వేళ్ళతో తడిమి చూసి తెచ్చుకున్నారు."

"గుడ్డివాడికి నోట్లెందుకు?"

"తనకి కాదుగా. మీకు."

"నాకా?"

"మీకు పోయింది ఇలాంటిదే కదా. ఇది ఉంచుకుని, తనని దొంగ అనడం మానమన్నారు. ఒక్కసారి వచ్చి ఈ ఆల్బములు చూసుకోనివ్వమన్నారు. ఇంకో ఆర్నెల్లు పోతే ఆ కాస్త చూపూ ఉండదని డాక్టరు చెప్పాడు."

"అంటే దొంగతనం ఒప్పుకున్నట్టేగా."

"ఒప్పుకోమంటే ఒప్పుకుంటారట. కాగితం రాసిమ్మంటే సంతకం కూడా పెడతారట. చెయ్యని పనికి సంతకమేంటని నేను మొత్తుకున్నాను, వినలేదు."

"వాడికి సిగ్గెక్కడుంది."

"కాగితమంటే గుర్తొచ్చింది. మీరూ ఒకటి రాశారు, అప్పుడాయన పనిచేసే బైండింగు షాపు యజమానికి."

"నా ధర్మం నేను చేశాను. కోర్టు రికార్డులు కుట్టే చోట చేతివాటం మనిషి ఉండకూడదు."

"వారం తిరక్కుండా మాన్పించారు. అప్పట్నించీ మెట్ల కింద గూట్లో కూచుని పిల్లల నోటుపుస్తకాలు కుట్టారు. ఆ గుడ్డి వెలుతురులో కుట్టీ కుట్టీ కళ్ళు పోగొట్టుకున్నారు. ఎవరింట్లో పెళ్ళికెళ్ళినా మనవాళ్ళు చేతిసంచులు ఒళ్ళోకి లాక్కునేవారు. అది చూసి అర్థం చేసుకునే వయసు మా పిల్లకొచ్చాక, ఇక వెళ్ళడమే మానేశాం."

"చేసుకున్నవాడికి చేసుకున్నంత. ముప్పయ్యేళ్ళు తక్కెడలు తనిఖీ చేశాను. దొంగతూకం వేసేవాణ్ణి మొహం చూసి పోల్చేస్తాను. ఆ రోజు వాడి మొహం అచ్చం అలాగే ఉంది."

"సొంత అన్న జేబులు వెతికితే ఎవరి మొహమైనా అలాగే ఉంటుంది."

"మాటలు బాగానే నేర్పాడు. ఇదిగో, ఇలా వచ్చి చూడు. నాదాని కాలిగోటికి సరిపోదు ఇది. ఈ సంతకం ఏ నిద్రమొహంవాడు పెట్టాడో, సిరా ముద్దలు కట్టింది. నాదాంట్లో సూదితో గీసినట్టుంటుంది, చివర తోక ఎడమకి తిరుగుతుంది. పక్కపక్కన పెట్టి చూస్తే నీలాంటిదానికైనా తెలుస్తుంది."

"దేన్ని పక్కన పెట్టి?"

"నాదాన్ని."

"అది పోయింది కదా బావగారూ."

"పోయింది. పోయిందనే చెప్తున్నా. మాటవరసకన్నాను."

"అక్కా, మీరు విన్నారు కదా."

"దాన్నడుగుతావేం? దానికేం తెలుసు నోట్ల సంగతి."

"సరే, మిమ్మల్నే అడుగుతున్నాను. మాటవరసకి అంటూ ఆ కింది అర వైపు చూశారేం? తాళం తీయండి."

"నా బీరువా తీయమనడానికి నువ్వెవరు?"

"దొంగ పెళ్ళాన్ని. ఇరవై రెండేళ్ళుగా అదే నా పేరు. తీయండి."

"గొంతు తగ్గించు. పక్కవాటాలో జనం ఉన్నారు."

"నేను గొంతు పెంచలేదు బావగారూ. ఉందా, లేదా?"

"ఉంది. అయితే ఏంటి? నా నోటు నా దగ్గరుంటే తప్పా?"

"ఎప్పుడు దొరికింది?"

"మొన్నామధ్య. బీరువాలు సర్దుతుంటే దొరికింది. కబురు చేద్దామనే అనుకున్నాను, తీరిక చిక్కలేదు. ఈలోగా నువ్వే వచ్చావు."

"మొన్నామధ్యా?"

"మొన్నామధ్యే. ఆ మాటకొస్తే నా తప్పేముంది? వాడు వచ్చివెళ్ళిన రోజే కనపడకపోతే ఎవడైనా ఏమనుకుంటాడు?"

"నిజమే. మొన్నటిదాకా మీకే తెలియకపోతే ఎవరేం చేస్తారు. ఆయనకి అలాగే చెప్తాను. పొరపాటు పడ్డారట, ఇప్పుడు దొరికిందట, అని. పిచ్చిమనిషి, దానికే పొంగిపోతారు. మా అన్న కావాలని చెయ్యడని నాకు తెలుసు అంటారు."

"చెప్పు. అదే చెప్పు. పొరపాటు మనుషులకి కాక మానులకా? ఈ కడిగిన కాగితం కూడా పట్టుకుపో, నా ఆల్బములో దీనికి చోటు లేదు."

"అలా చెప్పకమ్మా."

"నువ్వు లోపలికెళ్ళు."

"వెళ్ళను. లోపలే ఉన్నాను ఇన్నాళ్ళూ. అమ్మాయ్, మొన్నా కాదు, మొన్నామధ్యా కాదు. మరిది వచ్చివెళ్ళిన మర్నాడు పొద్దున్నే. ఈయన అట్లాసు పుస్తకం దులుపుతుంటే అందులోంచి నోటు జారి కిందపడింది. తీసి ఈయన చేతికిచ్చింది నేనే. అప్పటికింకా ఆ షాపు యజమానికి రాసిన ఉత్తరం ఈ బల్ల మీదే ఉంది."